జాలాడి రాయి

మూడు ఆదివారాలు బూదవాడ డొంకల్లో తిరిగి
గోనెసంచిలో నేను మోసుకొచ్చినవి పదకొండు.
బల్ల మీద పరిచి భూతద్దం పెడితే
ఏడు ఉత్త కంకర,
రెండు ఎవరిదో కూలిన గోడ సిమెంటు,
ఒకటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది,
ఎండి గట్టిపడ్డ కందిరీగ గూడు.
పదకొండోది ఇంకా తేలలేదు.

రోడ్డు మీద చీమకుర్తి లారీలు
చుక్కలు పొదిగిన నల్లరాళ్ళను మోసుకుపోతుంటాయి.
ఆ రాయి నిప్పులో పుట్టింది.
ఎంత నునుపు పెట్టినా అందులో
మన మొహం తప్ప ఎవరూ కనబడరు.
నాకు కావాల్సింది
ఒకప్పుడు ఎవరో కాపురమున్న రాయి.

మంచినీళ్ళడిగితే దీనమ్మ చెంబిచ్చింది.
కాళ్ళు కడుక్కోమని జాలాడి చూపించింది.
అక్కడ, సబ్బుపెట్టె పక్కన,
పిడికిలంత, నాచు పట్టి,
అది.

నీళ్ళు పోశాను. నక్షత్రాలు లేచాయి.
ఒక్కో గుంట కందిగింజంత.
గుంట అంచు నుంచి లోపలికి సన్నటి గోడలు:
ఆరు, మళ్ళీ ఆరు,
వాటి సందుల్లో పన్నెండు పొట్టివి.
జేబులో నిమ్మకాయ తీసి గోటితో గిల్లి
ఒక చుక్క వదిలాను.
రాయి బుసబుసమని సన్నగా నురగ కక్కింది.

"మడమలు రుద్దుకునే రాయి సార్ అది,
నిమ్మకాయ పిండుతున్నారేంది?"

ఏసోబు బావి తవ్వుతుంటే
నాలుగు మట్ల లోతున పలుక్కి తగిలిందట.
ఆ రైతు సగం కూలి ఎగ్గొట్టాడు.
రాయి మిగిలింది.
ఏసోబు పోయి పంతొమ్మిదేళ్ళు.

టంగుటూరు కంపెనీలో ముప్పయ్యేళ్ళు
పొగాకు గ్రేడు చేసిన చెయ్యి ఆమెది.
కళ్ళు మూసుకుని బొటనవేలితో ఈనె తడిమి
ఎన్నో రెలుపు ఆకో చెప్పేదట.
భూతద్దం ఇస్తే పక్కన పెట్టి
రాయి మీద వేలు తిప్పింది.

"ఇది ఆకు కాదు సార్.
ఆకుకి నడుమ్మీద ఒకటే ఈనె,
దాన్నించి పక్కలకి పోతయ్యి.
దీనికి నడుమ్మీద ఏం లా, బొక్క.
దాని చుట్టూ పోతన్నయ్యి.
ఇది నోరు."

పుస్తకంలో మూడు పేజీలు పట్టింది నాకు ఆ మాటకి.

పగడం అంటారన్నాను.
నా వేలి ఉంగరం వంక చూసి నవ్వింది.
"మరి ఎర్రగా లేదే?"
అది దీని దాయాది.
"ఇక్కడ సముద్రం ఉండేది దీనమ్మా."
"మూడో దినాన నీళ్ళు పక్కకి తొలిగినయ్యి గదా,"
అంది, మొన్న జరిగినట్టు.

ఇంకా చెప్పాలనిపించింది.
మరీ పాత పగడాలకి, ఇది అంత పాతది కాదేమో గానీ,
రోజుకో గీత పడుతుందట.
లెక్కపెడితే ఆ కాలంలో ఏడాదికి
నాలుగొందల రోజులు తేలాయట.
ఆమె కాసేపు ఆలోచించింది.
"అయితే కూలి ఎక్కువ రోజులు దొరికేది."

రాయి ఇమ్మని ఎలా అడిగానో గుర్తులేదు.
ఆమె దాన్ని తిరగేసింది.
రెండో పక్క నున్నగా, అద్దంలా.
ఒక్క నక్షత్రం లేదు.
"ఆ పక్క మీది. ఈ పక్క నాది,
ఎట్టా తీసకపోతారు?"

ఒంగోలులో పాదాలు రుద్దే కొత్త రాయి కొన్నాను,
గులాబీరంగు పిడి ఉన్నది.
వారం వాడి తిరిగిచ్చేసింది.
"ఇది గీరుద్ది గానీ రుద్దదు."

మా బడి బీరువాలో మూడో అర ఖాళీ.
చీటీ మాత్రం రాసి అంటించాను:

రాతి పగడం.
దొరికిన చోటు: బూదవాడ, దీనమ్మ జాలాడి.
తవ్వినవాడు: ఏసోబు.
వయసు: తెలియదు.
అరుగుదల: ఒక పక్క, రెండు మడమలు, నలభై ఏళ్ళు.
చూడదలచినవారు
సాయంత్రం ఆమె స్నానం అయ్యాక వెళ్ళాలి.
నిమ్మకాయ తీసుకెళ్ళరాదు.